ముందు తాగి చూసే పిల్ల

నా మందుల షాపు ముందు మూడు మెట్లున్నాయి. జనం ఎక్కి రావడానికని కట్టించాం. సాయంత్రం నాలుగున్నర దాటితే మాత్రం వాటి మీద ఇంటర్ చదివే ఆడపిల్లలు నలుగురు కూర్చుంటారు. వాళ్ళవి టేకులపల్లికి లోపల, అడవి వైపు ఊళ్ళు. బస్సు ఐదున్నరకంటారు గానీ అది దాని ఇష్టం. అంతవరకు నలుగురికీ ఒకటే ఫోను. మోకాళ్ళ నొప్పులని వచ్చే ముసలమ్మలు ఆ నాలుగు తలలను దాటుకుని, తిట్టుకుంటూ ఎక్కాలి. నేనూ తిట్టేదాన్ని. నాకు నోరెక్కువని మా ఆయన అంటాడు. మందుల షాపులో కూర్చున్న మనిషికి నోరు లేకపోతే ఊరంతా అడక్కుండానే యాంటీబయాటిక్ మింగుతుంది. ఆ సంగతి ఆయనకేం తెలుసు?

ఆ నోటితో నేను రోజుకు పదిసార్లు చెప్పే మాట ఒకటుంది. ఎవరైనా రెండు చీటీలు పట్టుకొస్తే చాలు, మొదలుపెడతాను. "రెండు రకాల మందులు కలిపి మింగకు. ఏది పని చేసిందో, ఏది పడలేదో ఎట్ల తెలుస్తది?" విని విని పక్కనున్న టైలరు కూడా నా గొంతుతో ఆ మాట అని అందరినీ నవ్విస్తాడు. మంచి మాటే కదా అని నేనూ నవ్వేదాన్ని.

పిల్లలు ఫోనులో పాటలు చూస్తున్నారనుకున్నాను మొదట్లో. ఒకరోజు చెవిన పడింది. "ఫ్రెండ్స్, మీ మొఖం మీద మొటిమలు ఉన్నాయా? అయితే లోపల మీ లివర్ ఏడుస్తోంది!" లివర్ ఏడవడం గురించి నేను డి.ఫార్మసీలో చదవలేదు. కౌంటర్ మీదికి వంగి మరీ విన్నాను. ఆ రోజు లివర్, మర్నాడు జుట్టు, ఆ మర్నాడు పొద్దున్నే వేడినీళ్ళు. పిల్లలు చూసేవన్నీ ఆరోగ్యం వీడియోలే.

వాటిలో చెప్పినవి కొన్నిసార్లు అడిగేవాళ్ళు కూడా. పేరు చెప్పరు. ఫోను నా మొహానికి తిప్పి పెడతారు. ఊరంతా నన్ను ఆపా అంటుంది, అంటే అక్క అని.

"ఆపా, గిది ఉన్నదా?"

"నోటితో చెప్పు బిడ్డా. ఏంది?"

"గదే, ఈమె చేతిల పట్టుకున్నది."

ఆ చేతిలో ఉన్నది మన దేశంలో దొరుకుతుందో లేదో కూడా నాకు తెలియదు. లేదని చెబితే నలుగురూ నా షాపు మీద జాలిపడి మెట్ల మీదికి వెళ్ళిపోయేవాళ్ళు.

నిజం చెప్పాలంటే ఆ వీడియోల వాళ్ళ మీద నాకు పెద్దగా కోపం రాలేదు. ఎక్కడో చూసిన మనుషుల్లా అనిపించారు. ఆలోచిస్తే మా తాత గుర్తొచ్చాడు. ఆయన తల్లాడ వైపు సంతల్లో స్టూలెక్కి యునానీ చూర్ణాలు అమ్మేవాడు. ముందుగా ఒక ప్రశ్న వేసేవాడు. "పొద్దున లేవంగనే నోరు చేదుగుండేటోళ్ళు ఎవరున్నరు?" పొద్దున లేవగానే ఎవరి నోరు తియ్యగా ఉంటుంది? సంతంతా చేతులెత్తేది. అప్పుడు డబ్బా మూత తీసి, చిటికెడు తన నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "అల్హందులిల్లాహ్" అనేవాడు. ఇంక జనం ఎగబడేవాళ్ళు. ఆ చూర్ణంలో ఎక్కువ భాగం శొంఠేనని మా నాయనమ్మ చచ్చేదాకా చెప్పి నవ్వింది. స్టూలు పోయి ఫోనొచ్చింది, అంతే తేడా. తాత మాట జనం ఎందుకు నమ్మేవాళ్ళో నాకు తెలియదు. చిన్నప్పుడు అడగాలని తోచలేదు. ఈ పిల్లలు ఎదురుగా ఉన్నారు కదా, అడిగి చూద్దామని ఒకరోజు నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు పట్టుకుని నేనే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను.

"ఇవన్నీ నమ్ముతరా మీరు?"

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెర్రి ప్రశ్న అడిగానని అర్థమైంది.

"అన్నీ ఎట్ల నమ్ముతం ఆపా? తెల్ల కోటు ఏసుకుంటే అసలే నమ్మం" అంది జడలో రిబ్బను విప్పి మళ్ళీ కట్టుకుంటున్న పిల్ల. "కోటుదేముంది, కిరాయికి దొరుకుతది."

"ఆఖర్ల సీసా చూపిచ్చిండనుకో, అమ్ముకునేటోడని లెక్క" అంది రెండో పిల్ల.

"కింద కామెంట్లు సదువుతం. అన్నీ చప్పట్లే ఉంటే డౌటు. ఒకలన్న తిట్టాలె."

"చివరికి డాక్టర్‌ని అడిగి వాడండి అంటారు కద. అది చూడరా?" అన్నాను.

పకపకా నవ్వారు. "బస్సుల రాస్తరు కదాపా, ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దని. గట్లనే అది."

బిస్కెట్లు వాళ్ళు తిన్నారు గానీ కడుపు నిండింది నాకు. ఏదో అమాయకపు పిల్లలు, గాలికి కొట్టుకుపోతున్నారనుకున్నాను. వీళ్ళు నాకు మందులు తెచ్చిచ్చే కంపెనీ ఏజెంట్ల కంటే గట్టిగా జల్లెడ పడుతున్నారు. ఆ రోజు నుంచి నాలుగున్నర ఎప్పుడవుతుందా అని నేనే గడియారం చూసుకోవడం మొదలుపెట్టాను.

ఆ నలుగురిలో ఒకమ్మాయి తక్కువ మాట్లాడుతుంది. అన్నీ విని చివర్లో ఒక్క మాట అంటుంది. జల్లెడ పట్టాక కూడా మిగిలిన చిట్కాను ఏం చేస్తారని నేనడిగితే చెప్పింది ఆ పిల్లే.

"ఒకలం ముందు తాగి చూస్తం ఆపా. మిగిలినోళ్ళు ఆగుతరు."

"ఎవరు తాగుతరు?"

"నేనే."

"నువ్వే ఎందుకు?"

"మా ఇంట్ల అలవాటున్నది."

వాళ్ళ గూడెంలో వానాకాలం అడవి నుంచి చేదుగడ్డలు తవ్వుకొస్తారట. పచ్చిగా తింటే విషమే. ముక్కలు కోసి, గంపలో పోసి, రెండు రోజులు వాగు నీళ్ళ ధారలో ఉంచి, తర్వాత ఉడకబెడతారు. అంత చేసినా ఒక్కోసారి చేదు విరగదు. తిన్నవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి, వాంతులవుతాయి. అందుకని వాళ్ళ అవ్వ ముందు తింటుంది. ఒక పూటంతా ఇంట్లో వాళ్ళు ఆమెను చూస్తారు. ఆమె బాగుంటేనే పిల్లలకు పెడతారు.

"ఆ పూట అవ్వ ఇంకోటి ఏది ముట్టది. కల్లు తాగది, ఆకు నమలది. అంబలి గూడ తాగది. ఇంకోటి తింటే గడ్డదా, దానిదా అన్నది ఎట్ల తెలుస్తది? ముందు తినేటోళ్ళు అబద్ధం గూడ చెప్పొద్దు. కడుపుల తిప్పితే తిప్పిందని చెప్పాలె." ఆ పిల్ల నా వైపు చూసి నవ్వింది. "మీరు గూడ గదే అంటరు కదాపా, రెండు కలపొద్దని."

నేను ఉబ్బిపోయాను. దాచుకోవడమెందుకు, పొంగిపోయాను. పెద్ద చదువులు చదివినవాళ్ళు మందును పరీక్షించే పద్ధతి ఒక గూడెం ముసలమ్మ చేదుగడ్డతో చేస్తోంది. దాన్ని ఈ పిల్లలు ఫోను వీడియోలకు పెట్టారు. పైగా అందులో నా మాట కూడా కలిసింది. ఇంటికెళ్ళి మా ఆయనకు రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఆయన టీవీ సౌండు పెంచాడు.

అప్పటికి వాళ్ళు పరీక్షిస్తున్నది తిప్పతీగ కషాయం. మొటిమలు పోతాయట. పరగడుపున ఇరవై ఒక్క రోజులు తాగాలట. చెప్పినామె సీసా చూపించలేదు, కోటు వేసుకోలేదు, కామెంట్లలో ఇద్దరు తిట్టారు కూడా. అన్ని విధాలా పాసైంది. తిప్పతీగంటే వాళ్ళ ఇళ్ళ కంచెల మీద పాకేదే. "ఇన్ని దినాలు మేకలు తిన్నయి, వాటికి ఒక్క మొటిమ లేదు" అని రిబ్బను పిల్ల అంటే నేను కూడా నవ్వాను.

ఇక్కడ నేను చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటుంది. తక్కువ మాట్లాడే ఆ పిల్లకు ఫిట్స్ ఉన్నాయి. రెండేళ్ళ కిందట వాళ్ళమ్మ ఖమ్మం డాక్టరు రాసిన చీటీ తెచ్చి, షాపులో ఎవరూ లేనప్పుడు నా చేతిలో పెట్టింది. "ఎవలకు తెల్వద్దు ఆపా. తెలిస్తే బిడ్డ పక్కన ఎవ్వరు కూసోరు" అంది. అప్పటి నుంచి నెల మొదట్లో ఆ గోళీలు పేపర్‌లో చుట్టి కింది సొరుగులో పెడతాను. ఆ పిల్ల షాంపూ ప్యాకెట్లు అడుగుతుంది. నేను షాంపూ కింద పొట్లం పెట్టి ఇస్తాను. మెట్ల మీదున్న ముగ్గురికీ ఇప్పటిదాకా తెలియదు. గోళీలు మొదలుపెట్టాక ఫిట్స్ ఒక్కసారి కూడా రాలేదు.

ఒక సాయంత్రం దారపుండ కోసం కింది సొరుగు లాగాను. పొట్లం అక్కడే ఉంది.

తారీఖు చూసుకున్నాను. తీసుకెళ్ళాల్సిన రోజు దాటి పది రోజులు పైనే. ఈ మధ్యలో ఆ పిల్ల రోజూ వచ్చి నా మెట్ల మీద కూర్చుంది, షాంపూ అడగలేదు. నాకు గుర్తు రాలేదు. వాళ్ళ వీడియోల మీద పెట్టిన ధ్యాసలో సగం నా సొరుగు మీద పెట్టలేకపోయాను. పరగడుపున, ఇరవై ఒక్క రోజులు, ఇంకో మందేదీ ముట్టకుండా. లెక్క కుదిరేసరికి పొట్లం చేతిలో పట్టుకుని గడియారం ముందు నిలబడ్డాను.

నాలుగున్నరకు నలుగురూ వచ్చారు. ముగ్గురి ముందు అడగలేను. "ఇటు రా బిడ్డా, పైనున్న డబ్బా అందుకోవాలె, నువ్వు పొడుగున్నవు" అని ఆ పిల్లను లోపలికి పిలిచి, అల్మారా వెనక నిలబెట్టాను.

"గోళీలు ఏసుకుంటున్నవా?"

తల దించుకుంది.

"ఎన్ని రోజులైంది?"

"పన్నెండు. ఇరవై ఒక్కటి అయినంక మళ్ళ ఏసుకుంట ఆపా. మధ్యల ఏసుకుంటే తిప్పతీగదా, గోళీదా ఎట్ల తెలుస్తది? రెండు కలపొద్దని మీరే అన్నరు కద."

నా నోరెక్కువని చెప్పాను కదా. అది చేసిన పని ఇది. ఆ పిల్లను ఏ వీడియో మోసం చేయలేదు. ఆ వీడియోలో మందులు ఆపమని ఎవరూ అనలేదు, తర్వాత నేను మూడుసార్లు చూశాను. ఆపమన్నది నేను. రోజుకు పదిసార్లు, అందరికీ వినబడేలా, ఎవరికి చెబుతున్నానో చూడకుండా చెప్పాను. స్టూలు ఒక్కటే తక్కువ.

"ఏమన్న అయిందా ఈ పన్నెండు దినాలల్ల? దాయకు."

"దాయలే. రాసిన." బ్యాగులోంచి బోటనీ నోట్సు తీసి వెనక పేజీ చూపించింది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒకటో రోజు: బాగ చేదు, వాంతి రాలే. ఐదో రోజు: మొటిమలు ఏడు. ఎనిమిదో రోజు: మొటిమలు ఏడే. పదకొండో రోజు: పొద్దున చెయ్యి ఎగిరింది, అంబలి గిన్నె కింద పడ్డది. తిప్పతీగతోనే కావచ్చు. మిగిలినోళ్ళు తాగొద్దేమో, ఇంక రెండు దినాలు చూడాలె.

చదివి ఆ నోట్సు గుండెలకు అదుముకున్నాను. భయం వేసింది, ఏడుపొచ్చింది, ఆ పిల్ల మీద గర్వం కూడా కలిగింది. చెయ్యి ఎగిరిన పొద్దున కూడా ఆ పిల్ల తన స్నేహితుల గురించే ఆలోచించింది. కాకపోతే తప్పు తిప్పతీగ మీద రాసింది. చెయ్యి అలా ఎగరడం ఫిట్స్ తిరిగొస్తున్న గుర్తు. వాళ్ళ గూడేనికి బస్సు దిగాక వాగు దాటాలి. వానలు పడుతున్నాయి. ఆ చెయ్యి వాగు మధ్యలో ఎగిరి ఉంటే?

ఖమ్మం డాక్టరుకు ఫోను కలిపాను. ఆయన గోళీ పేరు, ఎన్ని రోజులు ఆపింది, ఏం జరిగింది అన్నీ అడిగి, ఈ పూట నుంచే ఎప్పటిలాగా మొదలుపెట్టమన్నాడు. రేపు పొద్దున్నే తీసుకురమ్మన్నాడు. ఈలోపు ఒంటరిగా నీళ్ళ దగ్గరికి, పొయ్యి దగ్గరికి పంపొద్దన్నాడు. వాళ్ళమ్మకు ఫోను చేస్తే బస్సు దగ్గరికి ఎదురొస్తానంది. పొట్లం విప్పి గోళీ ఇచ్చాను. ఆ పిల్ల నీళ్ళ సీసా ఎత్తి మింగింది.

"తప్పు నాది బిడ్డా. డాక్టరు రోజూ ఏసుకోమన్నది ఎవరు చెప్పినా ఆపొద్దు. నేను చెప్పినా సరే. అది పరీక్షలకు రాదు, అన్నం లెక్క. కొత్తది ఏదన్న తాగాలంటే ముందు డాక్టర్నన్న అడగాలె, నన్నన్న అడగాలె. ఈ ముక్క నేను ముందే చెప్పాల్సింది."

ఆ పిల్ల మూతి తుడుచుకుని, నా దగ్గరున్న నోట్సు తీసుకుని వెనక పేజీ తెరిచింది. "అయితే ఈ పన్నెండు దినాలు లెక్కల రావు కదాపా?"

"రావు."

"మరి వాళ్ళకు చెప్పాలె."

"వద్దు బిడ్డా, నేనేదో ఒకటి చెప్త. నీ సంగతి బయట పడొద్దు, అమ్మకు మాటిచ్చిన."

"ముందు తాగేటోళ్ళు అబద్ధం చెప్పొద్దాపా" అంది. నన్ను దాటుకుని మెట్ల మీదికి వెళ్ళిపోయింది.

నేను కౌంటర్ దగ్గరే నిలబడిపోయాను. ఆ పిల్ల చేతిలో నోట్సు తెరిచే ఉంది. "నేను తాగింది లెక్కకు రాదే. తిప్పతీగ మంచిదో చెడ్డదో నాకు తెల్వది. నాకు ఫిట్స్ ఉన్నయి. గోళీలు ఆపి తాగిన. చెయ్యి ఎగిరింది గోళీలు ఆపినందుకు."

ఎదురుగా కూరగాయల ఆటో మైకు అరుస్తోంది. ఆ కొద్ది సేపట్లో నేను ఎన్ని దువాలు చదివానో నాకే తెలియదు. రిబ్బను పిల్ల లేచి నిలబడింది. దూరం జరుగుతుందనుకున్నాను.

"ఏందే నువ్వు? గోళీలున్నయని ముందే చెప్తే నేను తాగకపోదునా?" అని అరిచి, ఆ పిల్ల బ్యాగు లాక్కుని తన భుజాన వేసుకుంది. బస్సు వచ్చాక ఆ పిల్లను మధ్యలో పెట్టుకుని ఎక్కారు. చివరిగా ఎక్కిన పిల్ల వెనక్కి తిరిగి, "వాగు కాడ మేముంటం ఆపా, మా బస్సు దిగే జాగ ఒక్కటే" అని కేకేసింది.

మర్నాడు తల్లీకూతుళ్ళు ఖమ్మం వెళ్ళొచ్చారు. కంగారు లేదన్నారు.

మరుసటి నెల మొదట్లో నలుగురూ కలిసి కౌంటర్ దగ్గరికే వచ్చారు. నేను అలవాటుగా షాంపూ వైపు చెయ్యి చాచాను.

"షాంపూ ఇంట్ల మస్తున్నయి ఆపా. నా ఫిట్స్ గోళీలియ్యి" అంది ఆ పిల్ల, వెనక నిలబడ్డ ఇద్దరు ముసలమ్మలకు వినబడేటట్టు. పేపర్ పొట్లం ఇస్తే విప్పి, గోళీలు బ్యాగులో వేసుకుని, పేపర్ మడిచి నాకే తిరిగిచ్చింది.

రిబ్బను పిల్ల ఫోను నా మొహానికి తిప్పింది. "ఫిట్స్ వస్తే చేతిల తాళాలు పెట్టాలంటున్నరు. నాలుగు వీడియోలు చూసినం, మూడిట్ల గదే. ఒక్కామె మాత్రం వద్దంటుంది. మా అమ్మ గూడ తాళాలే అంటది. ఎవలు కరెక్టు?"

మా తాత కూడా తాళాలే అనేవాడు. "ఆ ఒక్కామె కరెక్టు" అన్నాను. నోట్లో ఏదీ పెట్టొద్దు, గట్టిగా పట్టుకోవద్దు, చుట్టూ గట్టివి ఏమైనా ఉంటే జరపాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సు పిలవాలి అని చెప్పాను. చెప్పి ఊరుకోకుండా ఈసారి ఒక్కొక్కరితో తిరిగి చెప్పించుకున్నాను. వింటే సరిపోదట. చేసి చూడాలట. ఆ పిల్లను నా షాపు గుమ్మంలో, మెట్ల పైన పడుకోబెట్టారు. ఒకరు చున్నీ మడిచి తల కింద పెట్టారు, ఒకరు భుజం పట్టి పక్కకు తిప్పారు, ఒకరు ఫోనులో టైం చూస్తున్నారు. ముసలమ్మలు ఎక్కలేక కింద నిలబడి నన్ను తిడుతున్నారు. బస్సు వచ్చి హారన్ కొట్టింది.

"లేవే, బస్సు పోతది!" అంది రిబ్బను పిల్ల.

ఆ పిల్ల కళ్ళు మూసుకునే ఉంది. "ఆగమను. ఐదు నిమిషాలు ఇంక కాలే" అంది.